తోకదీపము కనబడని లెక్క
(బిలాస్‌పూరు రైల్వే కాలనీలో తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సభయందు చదువబడిన ప్రసంగపాఠము)



బిలాస్‌పూరు రైలుమార్గముల కూడలిగా పెరిగిన పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతమును ఒకవైపు హౌరాతోను, ఇంకొకవైపు నాగపూరుతోను కలిపినది. 1931లో రాయపూరు–విజయనగరము మార్గము పూర్తియైన పిదప ఉత్తరాంధ్రమునకు ఛత్తీస్‌గఢ్ మైదానము పొరుగిల్లయినది. 2003లో దక్షిణ తూర్పు మధ్య రైల్వేకు ఈ పట్టణమే ముఖ్యస్థానమైనది. ఇచ్చటి తెలుగు కుటుంబములలో పెక్కింటికి రైలు భాష ఇంటి భాషతోపాటే అలవడినది. కావున ఒక గణిత విషయమును రైలు భాషలోనే ఆరంభించుట సమంజసము.

ఒక స్టేషను మాస్టరు వెనుకటి స్టేషనునకు ‘లైన్ క్లియర్’ ఇయ్యవలసియున్నది. ఎదుట పట్టాలపై ఏ బండియు కనబడుట లేదు. అంతమాత్రముచేత మార్గము ఖాళీయని ఆయన చెప్పరాదు. అంతకుముందు వచ్చిన బండి సంపూర్ణముగా వచ్చినదా, లేక త్రోవలో కొన్ని పెట్టెలు తెగి నిలిచిపోయినవా? ఈ సందేహమును తీర్చునది కడపటి పెట్టె. పగలు దానికి ‘ఎల్.వి.’ అను పలక యుండును. రాత్రి ఎఱ్ఱని టెయిల్ ల్యాంపు, అనగా తోకదీపము, వెలుగుచుండును. అది కంటబడిన తరువాతనే బండి పూర్తిగా వచ్చినదని వ్రాయుదురు. ఇటీవల అనేక స్థలములలో ఇరుసులను లెక్కించు యంత్రములు ఈ పనిని చేయుచున్నవి. లోనికి పోయిన ఇరుసులెన్నియో వెలికి వచ్చినవియు అన్నియే యని తేలినగాని మార్గము ఖాళీ యనిపించుకొనదు. సాధనము మారినది గాని నియమము మారలేదు. ‘కనబడలేదు’ అనుట వేరు. ‘లేదు’ అనుట వేరు.

గణితశాస్త్రమునందును అట్టి తోకదీపము ఒకటి కలదు. దానిని మన పూర్వులు ఉపపత్తి యనిరి. నేటివారు నిరూపణ మనుచున్నారు. ఒక సమీకరణమునకు కొన్ని సాధనలు దొరకుట బండిలోని మొదటి పెట్టెలు కనబడుట వంటిది. ఇక వేఱొక సాధన లేదని చెప్పుటకు నిరూపణము కావలెను. ఈ భేదము ఎంత గొప్పదో తెలుపుటకు 1913లో ఒక గుమాస్తా అడిగిన రెండు ప్రశ్నలు చక్కని తార్కాణములు. వానిలో ఒకదానికి తోకదీపము కనబడినది. రెండవదానికి నేటికిని కనబడలేదు.

ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్. 1912 మార్చి 1వ తేదీన ఆయన మద్రాసు పోర్టు ట్రస్టు కార్యాలయములో నెలకు ముప్పది రూపాయల జీతముపై చేరెను. లెక్కల విభాగములో పని. ఆ కార్యాలయపు ఛీఫ్ అకౌంటెంటు ఎస్. నారాయణయ్యరు స్వయముగా గణితాభిమాని. ఆనాటి భారతీయ గణిత సంఘమును 1907లో స్థాపించిన వి. రామస్వామయ్యరు డిప్యూటీ కలెక్టరు. పగలు ఫైళ్లును, సాయంకాలము సమీకరణములును చూచుకొన్న ఉద్యోగుల చేతులలోనే ఈ దేశపు ఆధునిక గణితపత్రిక పుట్టి పెరిగినదని చెప్పవచ్చును. ఆ పత్రికలో 464వ సంఖ్యగా ఒకటియు, 469వ సంఖ్యగా మఱియొకటియు రామానుజన్ ప్రశ్నలు వెలువడినవి. రెంటి రూపమును ఒక్కటే: ఇవిగో కొన్ని విలువలు, ఇతర విలువలను కనుగొనుడు.

ప్రశ్నలలోనికి పోవుటకు ముందు మూడు మాటల అర్థము తెలియవలెను.

మొదటిది డయోఫాంటీయ సమీకరణము. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో నివసించిన డయోఫాంటసు పేరిట ఇది వ్యవహరింపబడుచున్నది. దీనికి నేడు కోరబడు సమాధానము పూర్ణాంకము కావలెను. బండికి పన్నెండున్నర పెట్టెలు తగిలింపరు గదా. అట్టిదే ఈ నియమము. ఇట్టి లెక్కలకు 499లో ఆర్యభటుడు కుట్టకమను పద్ధతిని సూచించెను. 628లో బ్రహ్మగుప్తుడును, 1150లో భాస్కరాచార్యుడును దీనిని మిక్కిలి దూరము తీసికొనిపోయిరి.

రెండవది క్రమగుణితము, అనగా ఫాక్టోరియల్. ఒకటి మొదలుకొని ఒక సంఖ్య వఱకుగల అంకెలన్నిటిని గుణింపగా వచ్చు లబ్ధము. దానిని సంఖ్యప్రక్కన ఆశ్చర్యార్థకచిహ్నము పెట్టి చూపుదురు. 4! అనగా 1, 2, 3, 4 ల లబ్ధము, 24. భాస్కరుని లీలావతిలో అంకపాశమను ప్రకరణమున దీనికి మనోహరమైన ఉదాహరణము కలదు. నాలుగు చేతులుగల విష్ణువు తన నాలుగు ఆయుధములను మార్చి మార్చి ధరించిన 24 రూపము లేర్పడును. పది చేతులుగల శివుడు తన పది ఆయుధములను అట్లే మార్చిన 36,28,800 రూపములు. చేతులు నాలుగునుండి పదికి పెరిగినవి. రూపములు రెండు డజన్లనుండి ముప్పదియాఱు లక్షలకు పెరిగినవి. క్రమగుణితపు వేగ మట్టిది.

మూడవది పునరావర్తన అనుక్రమము. ముందటి పదములనుండి తరువాతి పదము ఒకే నియమముచే పుట్టుచుండును. తెలుగువారికి ఇది ఛందస్సులోనే పరిచితము. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. ఇన్ని మాత్రలను ఎన్ని విధముల కూర్చవచ్చును? కడపటి అక్షరము లఘువైనచో మిగిలినవి ఒక మాత్ర తక్కువ. గురువైనచో రెండు మాత్రలు తక్కువ. కావున ముందటి రెండు లెక్కలను కూడినచో తరువాతి లెక్క వచ్చును. ఒక మాత్రకు 1, రెంటికి 2, మూటికి 3, నాలుగింటికి 5. ఆ అయిదును కందపద్యము వ్రాసిన ప్రతివారికిని కంఠస్థమే: గగము, భగణము, జగణము, సగణము, నలము. పిమ్మట 8, 13, 21, 34. విరహాంకుడును, పండ్రెండవ శతాబ్దిలో హేమచంద్రుడును ఈ లెక్కను ఛందశ్శాస్త్రములో చెప్పిరి. 1202లో ఇటలీలోని పీసా నగరవాసి లియొనార్డో కుందేళ్ల లెక్కగా చెప్పినందున లోకములో దీనికి ఫిబొనాచీ అనుక్రమమను పేరు స్థిరపడినది. మొదట ఇంకొక 1 చేర్చి 1, 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89, 144 అని వ్రాయుట నేటి ఆచారము. ఈ వరుసలో 144 పండ్రెండవ స్థానమున నున్నది.

ఇప్పుడొక ప్రశ్న. విష్ణువు ఆయుధముల లెక్కయు, కందపద్యపు మాత్రల లెక్కయు ఎచ్చటనైన కలియునా? అనగా ఏ ఫిబొనాచీ సంఖ్య క్రమగుణితము కాగలదు? 1 కలదు, 2 కలదు. తరువాత? 6 లేదు, 5 తరువాత 8 వచ్చినది. 24 లేదు, 120 లేదు, 720 లేదు. ఇట్లు వెదకుచు పోయిన ‘కనబడలేదు’ అనుటయే గాని ‘లేదు’ అనుటకు వీలులేదు. కాని ఇక్కడ తోకదీపమును చూపు ఉపాయము కలదు. అది రెండు అను అంకెచేతనే సాధ్యము.

ఒక సంఖ్యను రెంటిచే ఎన్నిమార్లు నిశ్శేషముగా భాగింపవచ్చునో లెక్కింపవలెను. ఫిబొనాచీ వరుసలో ఆఱవ స్థానమునందలి 8 ని మూడుమార్లు, పండ్రెండవ స్థానమునందలి 144 ను నాలుగుమార్లు, ఇరువదినాలుగవ స్థానమునందలి 46,368 ని అయిదుమార్లు భాగింపవచ్చును. ఆపై 48వ స్థానమున ఆఱు, 96వ స్థానమున ఏడు, 192వ స్థానమున ఎనిమిది. స్థానము రెట్టింపైనగాని ఇంకొక రెండు చేరదు. ఇన్ని రెండ్లు అంతకుముందు స్థానములలో దొరకవు. ఈ నియమము చక్కగా నిరూపింపబడినది. క్రమగుణితము సంగతి ఇందుకు విరుద్ధము. అందులో సరిసంఖ్య వచ్చినప్పుడెల్ల కనీసము ఒక రెండు చేరుచునే యుండును.

ఇక రెంటిని ఎదురెదురుగా నిలుపవలెను. 8! అనగా 40,320. దీనిని రెంటిచే ఏడుమార్లు భాగింపవచ్చును. ఇది ఫిబొనాచీ సంఖ్యయైనచో 96వ స్థానమునకు ముందు ఉండరాదు. కాని 96వ స్థానపు సంఖ్యకు ఇరువది అంకెలు, 8! నకు అయిదే అంకెలు. 10! లో రెండ్లు ఎనిమిది. దానికి 192వ స్థానము కావలెను. అచ్చటి సంఖ్యకు నలువది అంకెలు, 10! నకు ఏడు. 12! లో రెండ్లు పది, స్థానము 768, అచ్చటి సంఖ్యకు 161 అంకెలు, 12! నకు తొమ్మిది. ముందునకు పోయినకొలది ఒకవైపు అంకెలు రెట్టింపగుచుండును. ఇంకొకవైపు కొన్ని కొన్ని అంకెలు మాత్రమే చేరుచుండును. వెనుకబడిన బండి ఇక ఎన్నటికిని అందుకొనజాలదు. మిగిలిన 3! నుండి 7! వఱకు అయిదింటిని చేతితో పరీక్షించిన చాలును. కనుక 1, 2 తప్ప వేఱొక ఫిబొనాచీ సంఖ్య క్రమగుణితము కాదు. దీనిలో ఊహ లేదు, సందేహము లేదు.

విడిగా కలియని ఈ రెండు జాతులును గుంపుగా కలిసిన సందర్భములు కలవు. 24ను 120ని కూడిన 144 వచ్చును; అనగా 4!, 5! ల మొత్తము పండ్రెండవ ఫిబొనాచీ సంఖ్య. రెండు క్రమగుణితముల మొత్తమైన ఫిబొనాచీ సంఖ్యలలో ఇదియే పెద్దదని 2002లో గ్రోస్మన్, లూకా అను గణితజ్ఞులు చూపిరి. ఇంకను చిత్రమైనది గుణకారము. అనుక్రమములోని మొదటి ఆఱు సంఖ్యలను, వానితో ఎనిమిదవ, పదవ, పండ్రెండవ సంఖ్యలను గుణింపవలెను: 1, 1, 2, 3, 5, 8, 21, 55, 144. లబ్ధము 3,99,16,800. ఇది సరిగా 11! విద్యార్థులు కాగితముపై వేసి చూచుకొనవచ్చును. వేర్వేరు ఫిబొనాచీ సంఖ్యల లబ్ధము క్రమగుణితముల లబ్ధమునకు సమానమైన సందర్భములలో ఇదియే కడపటిదని 2006లో లూకా, స్టానికా ప్రకటించిరి. ఇచ్చట బండి సంపూర్ణముగా వచ్చినది. ఎఱ్ఱదీపము స్పష్టముగా కనబడినది.

ఇక రామానుజన్ ప్రశ్నలు. 464వ ప్రశ్న రెండు అంకె ఘాతములను గూర్చినది. రెండును కొన్నిమార్లు తనతో తాను గుణించి అందులో 7 తీసివేసినచో ఎప్పుడు వర్గసంఖ్య వచ్చును? 3వ ఘాతము 8. ఏడు తీసిన 1. 4వ ఘాతము 16. ఏడు తీసిన 9, అనగా మూడు వర్గము. 5వ ఘాతమునకు 25, 7వ ఘాతమునకు 121. తరువాత చాల దూరము ఏమియు లేక 15వ ఘాతమునకు 32,761 వచ్చును; అది 181 వర్గము. 3, 4, 5, 7, 15. ఇతర విలువలు కలవా? నార్వే దేశీయుడు ట్రిగ్వె నాగెల్ 1948లో ఇతర విలువలు లేవని నిరూపించెను.

ఆ నిరూపణములో దారి చూపినది ఒక పునరావర్తన అనుక్రమమే. 1, 1 అని మొదలిడి, ముందటి పదమునుండి దానికి ముందటి పదమునకు రెట్టింపును తీసివేయుచు పోవలెను. 1, 1, −1, −3, −1, 5, 7, −3, −17, −11, 23, 45, −1 అని వచ్చును. గుర్తును విడిచి ఒకటి ఏ స్థానములలో నున్నదో చూడవలెను: 1, 2, 3, 5, 13. ప్రతిదానికి రెండు చేర్చిన 3, 4, 5, 7, 15. ఇవియే రామానుజన్ చెప్పిన విలువలు! ప్రశ్న అంతయు ‘ఈ వరుసలో ఒకటి మరల ఎప్పుడు వచ్చును’ అను చిన్న ప్రశ్నగా మారినది. పదుమూడవ స్థానము తరువాత అది ఎన్నడును రాదని తేలినది. ముప్పదియైదు సంవత్సరములకు మొదటి ప్రశ్నకు తోకదీపము కనబడినది.

469వ ప్రశ్న క్రమగుణితమును గూర్చినది. చూచుటకు ఇంకను సులభము. క్రమగుణితమునకు ఒకటి చేర్చిన ఎప్పుడు వర్గసంఖ్య యగును? 4! నకు ఒకటి చేర్చిన 25, అయిదు వర్గము. 5! నకు చేర్చిన 121, పదునొకండు వర్గము. 7! నకు చేర్చిన 5,041, డెబ్బదియొకటి వర్గము. 4, 5, 7. ఇతర విలువలను కనుగొనుడు. ఇదే ప్రశ్నను ఫ్రెంచి సైన్యపు ఇంజనీరు ఉద్యోగి ఆన్రీ బ్రోకార్డు 1876లోను, మరల 1885లోను అడిగియుండెను. ఆయనయు ఉద్యోగియే. కావున దీనికి బ్రోకార్డు–రామానుజన్ సమస్య యని పేరు.

వెదకుట ఎట్లు? పెద్ద క్రమగుణితమును పూర్తిగా వ్రాయుట అసాధ్యము. కాని లెక్కల శాఖలో పనిచేసినవారికి శేషము చూచి తప్పు పట్టుట తెలిసినదే. అదే యుక్తి ఇచ్చటను పనికివచ్చును. ఏ వర్గసంఖ్యనైనను 11 చే భాగించిన 0, 1, 3, 4, 5, 9 అను శేషములలో ఏదో ఒకటి మాత్రమే మిగులును; 2, 6, 7, 8, 10 ఎన్నటికిని మిగులవు. 6! నకు ఒకటి చేర్చి 11 చే భాగించిన శేషము 6. కావున అది వర్గము కాదు. 8! నకు చేర్చినను 6, 9! నకు చేర్చిన 2. మూడును తొలగిపోయినవి. 4, 5, 7 లకు మాత్రము 3, 0, 3 శేషములు వచ్చి నిలిచినవి. ఒక్క పదునొకండే ఇంత పని చేసినది. అయితే 11! మొదలు ప్రతి క్రమగుణితములోను పదునొకండు చేరియుండును గనుక శేషము ఎల్లప్పుడు ఒకటియే యగును. పదునొకండు ఇక సాక్ష్యము చెప్పలేదు. అప్పుడు అంతకంటె పెద్ద ప్రధానసంఖ్యను సాక్షిగా పిలువవలెను. ఎంత దూరము వెదుకదలచిన, సాక్షి అంతకంటె పెద్దది కావలెను.

ఈ పద్ధతిపై కంప్యూటర్ల సాయముతో 2000లో బెర్న్‌ట్, గాల్‌వే అనువారు నూఱు కోట్ల వఱకు వెదకిరి. 2020 నాటికి ఎప్‌స్టైన్, గ్లిక్‌మన్ అనువారి వెదకులాట ఒకటి తరువాత పదునైదు సున్నలుగల సంఖ్య వఱకు సాగినది. నాల్గవ విలువ దొరకలేదు. ఇంత దూరము పట్టాలు ఖాళీగా నున్నవి. అయినను లైన్ క్లియర్ ఇచ్చుటకు వీలులేదు.

ఫిబొనాచీ లెక్కలో పనిచేసిన యుక్తి ఇచ్చట ఏల పనిచేయదు? అచ్చట రెండ్లను లెక్కింపగానే రెండు వరుసల స్వభావభేదము బయటపడినది. ఇచ్చట ఒకటి చేర్చుటతో క్రమగుణితము తన కారణాంకములన్నిటిని దాచివేయును. వచ్చిన సంఖ్యలో రెండు లేదు, మూడు లేదు, చిన్న ప్రధానసంఖ్య ఏదియు లేదు. వేఱొక దారి యేమనగా, క్రమగుణితమును నాలుగుచే భాగించిన ప్రక్కప్రక్కనున్న రెండు సంఖ్యల లబ్ధము కావలెను. 24కు అది 6, అనగా 2, 3 ల లబ్ధము. 120కి 30, అనగా 5, 6 ల లబ్ధము. 5,040కి 1,260, అనగా 35, 36 ల లబ్ధము. పెద్ద క్రమగుణితములో ఎన్నో ప్రధానసంఖ్యలు ఎన్నోమార్లు ఉండును. వానినన్నిటిని రెండు బుట్టలలో పంచినప్పుడు బుట్టల తూకము ఒక్కటి తేడాతో సరిపోవునా యనుట ప్రశ్న. సరిపోవుట దుర్లభమని అందఱును నమ్ముదురు. నమ్మకము నిరూపణము గాదు. 1993లో ఓవర్‌హోల్ట్ అను గణితజ్ఞుడు, ఇంకను నిరూపింపబడని వేఱొక ఊహ నిజమైనచో ఇట్టి విలువలు పరిమితముగానే యుండునని చూపెను. అది షరతుతో కూడిన మాట; అప్పటికిని ఎన్ని విలువలో చెప్పదు.

ఇందులో పోయినదేమి, వచ్చినదేమి యని కొందఱకు తోచవచ్చును. 4, 5, 7 తరువాత ఇంకొక విలువ యున్నను లేకున్నను ఏ బండియు ఆలస్యము కాదు, ఎవరి జీతమును పెరుగదు. కాని ఉద్యోగధర్మము తెలిసినవారికి దీని విలువ తెలియకపోదు. తోకదీపమును చూడక ‘బండి పూర్తిగా వచ్చినది’ అని వ్రాసిన చేతివ్రాతపై ఎందఱి ప్రాణములో ఆధారపడియుండును. గణితములోను ఒకరు నిరూపణము లేక ‘లేదు’ అని వ్రాసినచో, దానిపై మఱియొకరు, వారిపై ఇంకొకరు కట్టుచు పోవుదురు. కడకు మొత్తము కూలును. లక్షకోట్ల పరీక్షలు జరిగిన పిదపకూడ ‘తెలియదు’ అని వ్రాయగలుగుట ఆ శాస్త్రపు నిజాయితీ.

ఈ సభలోని విద్యార్థులకు ఇందులో ఒక ధైర్యము కూడ కలదు. ప్రశ్న అడిగినవాడు ముప్పది రూపాయల జీతముగల గుమాస్తా. ప్రశ్న అర్థము చేసికొనుటకు గుణకారము, వర్గము తెలిసిన చాలును. సమాధానమునకు కావలసినది పెద్ద యంత్రముకంటె పెద్ద ఆలోచన. నాగెల్ నిరూపణములో కోట్ల పరీక్షలు లేవు. సరియైన వరుస నొకదానిని ఎదుట నిలుపుట కలదు. అట్లే 469వ ప్రశ్నకు తగిన వరుస ఏదియో ఎవరికైన తోచవచ్చును.

అంతవఱకు ఆ ప్రశ్న పుస్తకములో వ్రాయదగినది ఇంతే: మూడు పెట్టెలు దాటినవి, ఆపై బహుదూరము పట్టాలపై ఏమియు కనబడలేదు, తోకదీపము ఇంకను రావలసియున్నది.

స్వస్తి.